పెరటి గోడ కింద నల్లంచి

హగరి,
19 నవంబరు 2023.

తమ్ముడు గిద్యోనుకు,

చర్చి నుంచి వచ్చి, ఇంత అన్నం తిని, ఈ కాగితం ముందేసుకున్నాను. వీడియోలో మాట్లాడదామని మరదలు యూనీస్ అంటుంది కాని ఆ చిన్న అద్దంలో మీ పెదవులు నాకు అందవు. పంతొమ్మిదేళ్లప్పుడు జ్వరంలో చెవులు పోయాయి. అప్పటి నుంచీ నేను నమ్మేది ఎదురుగా ఉన్న మనిషి పెదవుల్ని, లేకపోతే కాగితాన్ని. అందుకని నువ్వు సిరుగుప్పలో ఆ పురుగుమందుల అంగడి కట్టేశాక పది నిమిషాలు కూర్చుని రాయి. నేను రెండుసార్లు చదువుకుంటాను.

ఇక్కడ చలి మొదలైంది. పెరట్లోకి నా చుట్టాలు ఒక్కొక్కరే దిగుతున్నారు. జిట్టంగి పిట్ట పదో తేదీన వచ్చింది. నీళ్ల తొట్టి చుట్టూ తోక పైకీ కిందికీ కొడుతూ నడుస్తోంది. మునగచెట్టు మీద పిగిలిపిట్టలు, మందారం మీద తేనెపిట్ట. నల్లంచి జంట మాత్రం ఏడాది పొడుగునా ఇక్కడే. మగదాన్ని కాటుకలో ముంచి తీసినట్టుంటుంది, ఎగిరితే రెక్క మీద తెల్లటి గీత కనబడుతుంది. తోక ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉంటుంది, కింద ఇటుకరంగు. ఆడది మట్టిరంగు. మగది రోజూ పొద్దున కిటికీ అద్దంలో తన నీడ చూసుకుని దాంతో కొట్లాడుతుంది. పావుగంట కొట్లాడి, గెలిచినట్టు గోడెక్కి పాడుతుంది. గొంతు కింద ఈకలు వణుకుతాయి. అది చూసే నేను పాట అనుకుంటాను.

పాట ఎట్లుందో సుంకలమ్మ చెప్తుంది. పక్కింటి సుంకలమ్మే, ఇంకెవరు. వేలు గాల్లో ఎత్తి, దించి, గిర్రున తిప్పి చూపిస్తుంది. గ్యాసు బండి వస్తే గోడమీదుగా చెయ్యి ఊపేదీ, ఎవరైనా తలుపు కొడితే వచ్చి భుజం తట్టేదీ ఆమే. పద్దెనిమిదేళ్లుగా నా చెవులు ఆమె దగ్గరే ఉన్నాయి. చర్చి వెనక చిన్నపిల్లల బడిలో నేను ఇప్పించిన ఆయా పని బాగానే చేస్తోందట.

మొన్న ఆమెతోనే ఒక తగాదా అయింది. మిద్దె మీద జొన్నలు ఎండబోస్తే పిచ్చుకలు, గువ్వలు వాలి తిన్నాయి. గోడ దగ్గరికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏందక్కా, మీ పిట్టలకు నా జొన్నలే దొరికినాయా? ఒకనాడు అన్నిట్నీ సంపి పారేస్తా సూడు" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్విందిలే.

చలిగాలికి తిరగకు.

అక్క,
కృపమణి.

*

సిరుగుప్ప,
26 నవంబరు 2023.

అక్కా,

ఉత్తరం అందింది. యూనీస్ కూడా చదివి నవ్వింది, నీకు మాకంటే నల్లంచే ఎక్కువని. ఇక్కడ వరికోతలు జోరుగా సాగుతున్నాయి. రోడ్డు పొడుగునా వడ్లు ఎండబోశారు, బస్సులు వాటి మీదుగానే పోతున్నాయి. చిన్న జినువాయి పిట్టలు గుంపులుగా వచ్చి ఏరుకుంటుంటే నువ్వే గుర్తొస్తావు.

ఒక మాట. అక్టోబరులో వచ్చినప్పుడు చూశాను, వెనక తలుపు చట్రం చెదలు తినేసింది. మట్టిబాట గోడ వెంబడి పైకెక్కి దూలం దాకా పోయింది. నువ్వు ఆ దూలం కిందే పడుకుంటావు. నా అంగట్లో గుళికల మందు ఉంది. గోడ మొదట్లో వేస్తే వారంలో సమసిపోతుంది. నువ్వు ఊ అంటే తెస్తాను. నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు.

కంటి డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోతున్నావు?

తమ్ముడు,
గిద్యోను.

*

హగరి,
30 నవంబరు 2023.

గిద్యోనూ,

మందు మాట ఎత్తొద్దు. ఆ చెదలు తినే కదా నల్లంచి బతికేది. గోడ మొదట్లో దాని ముక్కు ఆడినంతసేపు నా ఇంటికేమీ కాదు. సుంకలమ్మ మొగుడు కెంచప్ప చట్రానికి కిరోసిన్ పూస్తానన్నాడు, అది చాలు. నా పెరట్లో విషం పడితే తమ్ముడివని కూడా చూడను, తెలుసు కదా.

కళ్లకు మంగళవారం, ఐదో తేదీన బళ్లారి పోతున్నాను. పొద్దున పోతే సాయంత్రానికి వస్తాను.

అక్క.

*

హగరి,
10 డిసెంబరు 2023.

గిద్యోనూ,

ఇవాళ చర్చికి కూడా పోలేదు.

నల్లంచి చచ్చిపోయింది. గురువారం పొద్దున తొట్టి దగ్గర రెండు గువ్వలు పడి ఉన్నాయి. పిల్లి అనుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం గోడ కింద మగ నల్లంచి కనబడింది. ఇంకా ప్రాణం ఉంది. రెక్కలు నేలకు పరిచి, ముక్కు తెరిచి, తల వెనక్కి విరుచుకుంటోంది. అరచేతిలోకి తీసుకుని వేలితో నీళ్లు తాగించబోయాను. లోపలికి పోలేదు. చేతిలోనే బిగుసుకుపోయింది. ఎంత తేలికో, గిద్యోనూ. దారపు ఉండంత బరువు కూడా లేదు. జిట్టంగి ఆ తర్వాత కనబడలేదు. ఆడ నల్లంచి గోడెక్కి దిగుతోంది, ఎక్కి దిగుతోంది. దాని గొంతు ఊరకే కదులుతోంది.

ఎవరి పనో నిన్న తెలిసింది. పొద్దు పొడిచే వేళ కిటికీ తీస్తే సుంకలమ్మ నా పెరట్లో ఉంది. గోడ మొదలంతా ఊడ్చి, ఆ మట్టి గంపకెత్తి, మూలన గుంత తీసి పూడుస్తోంది. పరుగున పోయి గంప లాక్కుని చూశాను. మట్టిలో ఊదారంగు గుళికలు. ఆమె చేతులు మట్టి, నోరు కదులుతూనే ఉంది. "నేను గాదక్కా" అన్నంతవరకు పెదవుల మీద చదివాను. అంతే, మొహం తిప్పుకున్నాను. నేను మొహం తిప్పుకుంటే చెవులు మూసుకున్నట్టే కదా. భుజం పట్టుకుని తిప్పబోయింది, విదిలించుకుని లోపలికొచ్చి గడియ పెట్టాను.

ఆమె కోళ్లు కూడా నాలుగు చచ్చాయి. వేసిన విషం తన కోళ్లే తిన్నాయి. చంపుతానని నా మొహం మీదే చెప్పింది, నేను నవ్వాను చూడు.

నువ్వు ఆ వ్యాపారంలో ఉన్నావు. ఊదారంగు గుళికలు ఏం మందు? ఎవరికైనా ఇస్తారా? కూలి మనిషికి ఎక్కడ దొరుకుతుంది? వెంటనే రాయి.

కృపమణి.

*

సిరుగుప్ప,
16 డిసెంబరు 2023.

అక్కా,

చదివి మనసు చివుక్కుమంది. నువ్వు అన్నం మానేయొద్దు.

ఆ రంగు గుళికలు అన్ని అంగళ్లలోనూ ఉంటాయి. వరికి వేస్తారు, చెరకుకు వేస్తారు. కూలికి పోయినవాళ్ల కొంగున కూడా రెండు గుప్పెళ్లు ఉంటాయి. ఫలానా చోటిదని చెప్పడానికి లేదు. చలికి కూడా పిట్టలు పోతుంటాయి. నువ్వు కళ్లారా చూశానంటే నేను కాదనలేను. కాని పక్కింటివాళ్లు, గొడవ పెద్దది చేసుకోవద్దు. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండు, అదే సర్దుకుంటుంది.

తొట్టి ఒకసారి బాగా కడిగించు. ఆ గోడ దగ్గర నువ్వు చెయ్యి పెట్టొద్దు. క్రిస్మస్‌కు రాలేనేమో. అంగట్లో పని ఎక్కువగా ఉంది. యూనీస్ కేకు పంపుతుంది.

గిద్యోను.

*

హగరి,
8 జనవరి 2024.

గిద్యోనూ,

కేకు అందింది. తినబుద్ధి కాలేదు, చర్చిలో పంచాను.

నువ్వు ఊరుకోమన్నావు, నేను ఊరుకోలేకపోయాను. గుళికలు పట్టిన చెయ్యి పిల్లల పళ్లేల మీద పడుతుంటే చూస్తూ ఎట్లా ఉండేది? బడి నడిపే పెద్దమ్మకు కాగితం రాశాను. చూసింది చూసినట్టు రాశాను, ఎక్కువా లేదు, తక్కువా లేదు. 'నా తమ్ముడికి ఈ మందుల సంగతి తెలుసు, అతను కూడా కాదనలేదు' అని కూడా చేర్చాను. మూడో తేదీన సుంకలమ్మను మాన్పించారు. అక్కడ తల్లులందరి ముందరే అడిగారట. ఈమె నోరెత్తలేదట. తప్పు లేని మనిషి నోరెత్తదా?

నిన్న వాళ్లు ఇంటికి తాళం పెట్టి పోయారు. ఎమ్మిగనూరులో చెరకు కొట్టే పనికట. పోయేముందు సుంకలమ్మ గోడ అవతల చాలాసేపు నిలబడింది. నేను కిటికీ తీయలేదు.

ఈ వారం గ్యాసు బండి వచ్చి పోయిందట. నాకు తెలియలేదు.

అక్క.

*

సిరుగుప్ప,
20 జనవరి 2024.

అక్కా,

రాయడం ఆలస్యమైంది, ఏమనుకోకు. కాలువ నీళ్లు ఈసారి సరిగా వదలడం లేదు, రైతులు దిగులుగా ఉన్నారు. యూనీస్‌కు మోకాళ్ల నొప్పులు. చలి ఈ ఏడు ఎక్కువే ఉంది, నువ్వు మేజోళ్లు వేసుకో.

సుంకలమ్మ సంగతి ఇక వదిలెయ్యి. వాళ్ల దారి వాళ్లది. గ్యాసు వాడికి నీ తలుపు దాకా రమ్మని కాగితం అంటించు.

గిద్యోను.

*

హగరి,
24 నవంబరు 2024.

తమ్ముడికి,

మళ్లీ చలికాలం. ఈ ఏడంతా నువ్వు రాసినవన్నీ కలిపితే ఒక పేజీ కాలేదు. జూన్‌లో వచ్చినప్పుడు కూడా గంట కూర్చుని పోయావు. వెనక తలుపు దాటి పెరట్లోకి అడుగు పెట్టలేదు. ఏమైంది నీకు?

జిట్టంగి ఈసారి ఇంకా రాలేదు. ఆడ నల్లంచి ఏప్రిల్ దాకా ఒంటరిగా తిరిగి తర్వాత కనబడలేదు. పిగిలిపిట్టలు మునగచెట్టు మీద నుంచే చూసి పోతాయి, కిందికి దిగవు. తొట్టిలో నీళ్లు నేనే పోస్తాను, నేనే పారబోస్తాను. చెదలు మాత్రం ఆగిపోయాయి. చట్రం గట్టిగా ఉంది.

దురుగమ్మ చెప్పింది. పాలు పోసే దురుగమ్మ. ఎమ్మిగనూరులో చెరకు ట్రాక్టరు బోల్తాపడి కెంచప్ప కాలు దాని కింద నలిగిందట. మోకాలి కింద తీసేశారట. నేను శాపం పెట్టేదాన్ని కాదు, నీకు తెలుసు. కాని వినగానే నా మనసులో మెదిలిన మాట నీకు కాక ఎవరికి చెప్పేది? గుప్పెడు లేని ప్రాణుల్ని చంపినవాళ్లను దేవుడు చూడకుండా ఉంటాడా అనిపించింది. అనిపించి, మోకాళ్లూని ప్రార్థన కూడా చేశాను, ఆయన న్యాయవంతుడని.

అక్క.

*

సిరుగుప్ప,
1 డిసెంబరు 2024.

అక్కా,

నువ్వు చేసిన ఆ ప్రార్థన చదివాను. మందు వేసింది నేను.

పోయినేడు డిసెంబరు ఐదో తేదీన నువ్వు బళ్లారి పోతావని రాశావు కదా. ఆ రోజే నేను హగరిలో దిగాను. నువ్వు తిరిగొచ్చేలోపల పని ముగించుకుని పోవాలని గబగబా గోడ మొదలు గీరి, గుళికలు చల్లి, మట్టి కప్పి నీళ్లు కొట్టాను. సరిగా కప్పలేదు. దూలం కూలి నీ మీద పడుతుందని భయం. అంతే అక్కా, ఇంకే ఉద్దేశమూ లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీకు చెప్పి చేసే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

సుంకలమ్మ గోడమీదుగా చూసింది. "ఏం జేస్తాండావప్పా? అక్క వద్దనింది గదా" అంది. చెదలకు మందు, అక్కకు చెప్పొద్దు, చెబితే నన్ను గడప తొక్కనివ్వదు అన్నాను. "సరేప్పా, నేనెందుకు సెప్తా" అంది. రోజూ నా అంగట్లో రైతులకు చెప్పే మాట, కోళ్లను కట్టేసుకోండి, పశువుల్ని వదలకండి అని, అది ఆమెకు చెప్పడం మరిచాను. ఇరవై ఎనిమిదేళ్లుగా అమ్ముతున్న మందు.

నువ్వు చూసింది ఆమె మిగిలిన గుళికలు ఊడ్చి పూడ్చడం. ఇంకో పిట్ట చావకూడదని.

ఈ ఏడు జనవరి ఇరవయ్యో తేదీన కెంచప్ప నా అంగడికి వచ్చాడు. ఎమ్మిగనూరు నుంచి రెండు బస్సులు మారి. రైతులు ఉన్నారని బయటే నిలబడి, వాళ్లు పోయాక లోపలికి వచ్చాడు. "గిద్యోనప్పా, మేం అడిగేది ఒకటే మాట. మందు ఏసింది నేనని మీ అక్కకు రాయప్పా. మాకు ఇంగేమీ వద్దు. దొంగ మాట మోసుకోని తిరగలేకుండాం" అన్నాడు. రాస్తానన్నాను. టీ తెప్పించాను. దండం పెట్టి పోయాడు. అప్పుడే కాగితం తీసుకున్నాను. నీకు కాలువ నీళ్ల గురించి, మేజోళ్ల గురించి రాశాను.

ఆ రోజు రాసి ఉంటే బడి పని మళ్లీ వచ్చేది. వాళ్లు చెరకు బండి దగ్గర ఉండేవాళ్లు కాదు. ఇది నాకు తెలుసు. నన్ను తిట్టు. కాని యూనీస్‌కు తెలియదు, ఇక్కడ చర్చిలో నేను పెద్దను. ఇది మన ఇద్దరి మధ్యే ఉంచు. వాళ్లకు నాకు చేతనైనంత ఏదైనా చేస్తాను.

గిద్యోను.

*

హగరి,
22 డిసెంబరు 2024.

గిద్యోనుకు,

మూడు వారాలు రాయలేదు. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

ఎమ్మిగనూరు పోయాను. ఊరి చివర రేకుల కొట్టంలో ఉన్నారు. కెంచప్ప మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, లేవలేనని గుర్తొచ్చి ఆగాడు. సుంకలమ్మ గిన్నెలు తోముతోంది. నేను నిలబడే చెప్పాను. నా గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, పిల్లలు భయపడతారని పదేళ్లుగా ఇంటి బయట పెద్దగా మాట్లాడను. అయినా చెప్పాను. ఎవరు వేశారో తెలిసింది, నన్ను క్షమించు అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని, వెలుతురులోకి వచ్చి, పెదవులు నాకు కనబడేట్టు నిలబడింది. అలవాటు పోలేదు. నిదానంగా మాట్లాడింది.

"మీ తమ్మునికి మాటిచ్చినా గాబట్టి మొదట సెప్పల్యా. కోళ్లు పాయె, నీ నల్లంచి పాయె, ఇంగ మాట ఏందిలే అని సెప్పేదానికే నోరు తెరిసినా. నువ్వు మొగం తిప్పుకుంటివి. ఇస్కూల్లో సెప్పల్ల అనుకుంటి. మీ తమ్ముడు గూడా ఒప్పుకున్యాడని నీ కాయితంలో ఉందని మేడమ్ అందరికీ సదివి సెప్పె. ఇంగ నా మాట ఎవురు నమ్ముతారు?"

హగరికి రమ్మన్నాను. నేను చూసుకుంటానన్నాను. "బేడక్కా, వద్దు" అంది. "పద్దెనిమిదేండ్లు నీ కండ్ల ముందర ఉన్న్యా. నువ్వు నన్ను ఒక్క మాట అడగల్యా. అడిగుంటే సాలు."

కెంచప్ప ఏదో అన్నాడు. నాకు అందలేదు. ఏమన్నాడని సుంకలమ్మను అడిగాను. "ఎండలో నిలబడొద్దు, పంపీయమంటాండాడు" అంది. బస్సు దగ్గరికి ఎవరూ రాలేదు.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి నాకు అర్హత లేదు. నువ్వు ఒక్క అబద్ధం కూడా రాయలేదు, ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. రాయాల్సింది రాయలేదు, అంతే. మిగిలిందంతా నేనే కట్టుకున్నాను. ఆమె జొన్నల మీద అన్న మాట, చచ్చిన కోళ్లు, గంపలో మట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోయాను. ఆమెను బడి నుంచి తరిమిన చెయ్యి నాది. ఆ కాలి గురించి దేవుణ్ణి మెచ్చుకున్న నోరూ నాదే. ఆ ప్రార్థన ఎట్లా వెనక్కి తీసుకోవాలో చర్చి అయ్యగారిని అడిగాను. ఆయన తల దించుకున్నారు.

మన ఇద్దరి మధ్యే ఉంచమన్నావు. ఉంచలేదు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి అందరి ముందర చెప్పాను. నా కాగితం అబద్ధమని, సుంకలమ్మ తప్పు లేదని, మందు వేసింది నా తమ్ముడని నీ పేరుతో సహా చెప్పాను. అందరూ నన్నే చూశారు. బడి పెద్దమ్మ బయట నా చెయ్యి పట్టుకుని, ఆయాగా వేరే మనిషిని పెట్టుకున్నామని, ఆమె బాగానే చేస్తోందని, జరిగిందేదో జరిగిపోయిందని చెప్పింది. ఇదీ నేను సాధించింది. మాట సిరుగుప్పకు ఈపాటికి చేరే ఉంటుంది. చేరకపోతే, ఎవరి నోటో వినకముందే యూనీస్‌కు నువ్వే చెప్పు.

జిట్టంగి వచ్చింది, పద్నాలుగో తేదీన. గోడ దగ్గరికి పోబోతే చప్పట్లు కొట్టి తరిమాను. ఆ మట్టిలో ఇంకా ఏముందో నాకు తెలియదు. మునగచెట్టు మీద పిగిలిపిట్టలు వాలినా తరుముతున్నాను. పొద్దున లేచింది మొదలు నాకు ఇదే పని. సాయంత్రానికి చేతులు నొప్పి పుడతాయి.

నువ్వు చేతనైనంత చేస్తానన్నావు. చెయ్యాల్సింది ఒకటే. ఎమ్మిగనూరు పోయి కెంచప్ప మంచం ముందర నిలబడు. ఆయన ఏమంటే అది విను. నీకు చెవులున్నాయి.

ఆ తర్వాత నా దగ్గరికి వస్తావో రావో నీ ఇష్టం. కాని ఇక ఉత్తరాలు రాయకు. కాగితం మీద మనిషి ఎంతైనా దాచుకోవచ్చని నాకు అరవై రెండేళ్లకు తెలిసింది. ఏదైనా చెప్పాలనుకుంటే వచ్చి నా ఎదురుగా కూర్చుని చెప్పు. నువ్వు మాట్లాడేటప్పుడు నీ మొహం నాకు కనబడాలి.

కృపమణి.